చీనా సూదివైద్యము – చెంగ్ దాన్-ఆన్ సంస్కరణ

సూది అనగానే మందు ఎక్కించు సూది మనకు స్ఫురించును. చీనా సూదివైద్యుని సూదిలో మందు ఉండదు, రంధ్రమును ఉండదు. అది సన్నని లోహపు తీగ వంటిది. దానిని శరీరముపై నిర్ణీతమైన తావులలో గ్రుచ్చి, కొంతసేపు ఉంచి, తీసివేయుదురు. దీనినే ఆక్యుపంక్చర్ అందురు. ఇంత చిన్న పనివలన నొప్పి తగ్గునా? తగ్గినచో కారణమేమి? ఈ వైద్యమునకు నేటి రూపమిచ్చిన వారిలో ముఖ్యుడైన చెంగ్ దాన్-ఆన్ కృషిని పరిశీలించినచో ఈ ప్రశ్నలు స్పష్టపడును.

దాదాపు రెండువేల ఏండ్లనాటి ‘హువాంగ్‌డీ నేజింగ్’ అను గ్రంథమున ఈ వైద్యసిద్ధాంతము కలదు. శరీరములో ‘చీ’ అను ప్రాణశక్తి కొన్ని మార్గముల వెంట ప్రవహించుననియు, ఆ ప్రవాహము చెడినపుడు రోగము కలుగుననియు, సూదితో దానిని సరిదిద్దవచ్చుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. సూది గ్రుచ్చు తావులు 365 అని అందు కలదు. ఇది సంవత్సరములోని దినముల సంఖ్య. శరీరమును కోసి లెక్కించగా వచ్చినది కాదు. అందు వర్ణింపబడిన 9 రకముల సూదులలో కొన్ని కురుపులు కోయుటకు వాడు చిన్న కత్తుల వంటివి.

కాలక్రమమున ఈ విద్యకు ఆదరణ తగ్గినది. 1822లో చీనా చక్రవర్తి రాజవైద్య సంస్థలోని సూదివైద్య శాఖను తొలగించెను. 1929లో నాటి ప్రభుత్వపు ఆరోగ్య సంఘము పాత వైద్యమునంతను క్రమముగా రద్దు చేయవలెనని తీర్మానించెను. దేశవైద్యులు తీవ్రముగా నిరసించుటచే అది అమలు కాలేదు. కాని వారికొక సంగతి బోధపడినది: ప్రాచీనమని చెప్పినంత మాత్రమున విద్య నిలువదు.

చెంగ్ 1899లో జియాంగ్‌సూ రాష్ట్రమున వైద్యుల ఇంట జన్మించెను. తండ్రి సూదివైద్యము ఎరిగినవాడు. చెంగ్ పాశ్చాత్య వైద్యమును కూడ అభ్యసించెను. తండ్రి వేసిన సూదులతో తన నడుమునొప్పి తగ్గిన పిమ్మట ఆయనకు ఈ విద్యపై గురి కుదిరినదని చెప్పుదురు.

పాత గ్రంథములు తావులను బొటనవ్రేలి వెడల్పుతో కొలిచి చెప్పినవి. 1930 దశకమున చెంగ్ ప్రకటించిన గ్రంథములో తావులను శరీరనిర్మాణశాస్త్రము ననుసరించి తిరిగి వర్ణించెను. చర్మము క్రింద ఏ కండరము, ఏ నరము, ఏ రక్తనాళము కలదో చూపెను. రక్తనాళములపై పడు తావులను ప్రక్కకు జరిపెను. లావు సూదులకు బదులు సన్నని సూదులను ప్రచారము చేసెను. 1933లో సూదివైద్యమునకు ఒక పత్రికను నెలకొల్పెను. తరువాత జపాను వెళ్లి అచటి బోధనా పద్ధతులను పరిశీలించెను. ఉత్తరముల ద్వారా కూడ పాఠములు చెప్పెను. 1955లో చీనా విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1957లో ఆయన మరణించెను.

ఈ సంస్కరణ ప్రయోజనము సులభముగా గ్రహింపవచ్చును. ప్రక్కటెముకల నడుమ సూది లోతుగా దిగినచో ఊపిరితిత్తికి రంధ్రము పడి, దాని చుట్టు గాలి చేరి, ప్రాణాపాయము కలుగవచ్చును. శుద్ధి చేయని సూది ఒకరి రోగమును మరొకరికి అంటించును. కనుక సూది క్రింద ఏమున్నదో వైద్యుడు తప్పక ఎరుగవలెను.

అయితే సూదిని క్షేమముగా గ్రుచ్చుట వేరు. అది రోగమును తగ్గించునని నిరూపించుట వేరు. ‘చీ’ మార్గములు శరీరనిర్మాణములో ఎచటను కనబడలేదు. మరి నొప్పి తగ్గుట ఎట్లు? మన మెదడులో నల్లమందు వలె నొప్పిని అణచు ఎండార్ఫిన్లు అను పదార్థములు పుట్టును. 1977లో ప్రకటితమైన ఒక ప్రయోగమున, చేతిలో సూది గ్రుచ్చగా పంటినొప్పిని ఓర్చుకొను శక్తి పెరిగినది. నల్లమందు ప్రభావమును అడ్డగించు నలాక్సోన్ అను మందు ఇవ్వగా ఆ ఫలితము పోయినది. కాని తరువాతి ప్రయోగములన్నియు దీనితో ఏకీభవింపలేదు.

2007లో జర్మనీలో 1162 మంది దీర్ఘకాలపు నడుమునొప్పి రోగులపై జరిగిన పరిశీలన ప్రకటితమైనది. కొందరికి శాస్త్రోక్తమైన తావులలో సూదులు వేసిరి; కొందరికి తావులు కాని చోట్ల పైపైన గ్రుచ్చిరి; మిగిలినవారికి మందులు, వ్యాయామము వంటి వాడుక చికిత్స చేసిరి. 6 నెలల పిమ్మట మొదటివారిలో నూటికి 47.6 మందికి, రెండవవారిలో 44.2 మందికి, మూడవవారిలో 27.4 మందికి గుణము కనబడెను. మొదటి రెండు సంఖ్యలకు భేదము స్వల్పము. అనగా ఈ నొప్పి విషయమున సరియైన తావు కంటె, సూది గ్రుచ్చు క్రియ, రోగి నమ్మకము, వైద్యుని శ్రద్ధ ఎక్కువ పని చేసినవని తోచుచున్నది.

చెంగ్ నడుమునొప్పి తగ్గిన మాట నిజమే కావచ్చును. కాని నడుమునొప్పి అనేకులకు దానంతటదే తగ్గును. ‘నాకు తగ్గినది’ అను మాటకును, ‘ఇతరులతో పోల్చి చూడగా తగ్గినది’ అను మాటకును గల భేదమును ఉపాధ్యాయులు తరగతిలో చర్చింపవచ్చును. ఇది చదువుకు మాత్రమే చెందిన చర్చ కాదు. నొప్పికి సూది వేయించుకొనుటలో నష్టము స్వల్పము కావచ్చును. క్షయకో, పుట్టకురుపుకో అదే మందని నమ్మి కాలము గడిపినచో ప్రాణమే పోవును. పూర్వుల గ్రంథమును గౌరవించుచునే సూది క్రింద ఏమున్నదని చెంగ్ అడిగెను. అదే దారిలో మరియొక అడుగు వేసి, సూది ఏమి చేయుచున్నదని అడుగుట మన పని.