క్రెడిట్ కార్డు అప్పు: నూటికి మూడున్నర

 



జనాజా నమాజుకు నిలబడే ముందు మేము ఒక ప్రకటన చేస్తాము. మరణించిన వ్యక్తి ఎవరికైనా బాకీ పడి ఉంటే వారు వారసులను కలుసుకోవాలని, లేదా అల్లాహ్ కోసం మన్నించి వదిలివేయాలని కోరుతాము. పాతికేళ్లకు పైగా ఈ మాట చెబుతూనే ఉన్నాము. పూర్వం వరుసల్లో నుంచి ఎవరో ఒకరు ముందుకు వచ్చేవారు. మండీ బజారు కిరాణా వ్యాపారి, ఇల్లు కట్టిన మేస్త్రి, చేబదులు ఇచ్చిన బావమరిది. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. అప్పులు లేక కాదు, అప్పు ఇచ్చినవాడు ఆ వరుసలో లేడు గనుక.

గత సంవత్సరం నలభై ఏళ్లు నిండని ఒక సోదరుడు గుండెపోటుతో మరణించాడు. ప్రకటన చేశాము, ఎవరూ పలకలేదు. ఖననం జరిగిన నాలుగో రోజు అతని ఫోను మోగింది. భార్య ఇద్దత్‌లో ఉంది. ఫోను ఎత్తినది పదవ తరగతి చదువుతున్న కుమారుడు. మూడు కార్డులు, మొత్తం రెండు లక్షల పైచిలుకు బాకీ. ఒక్క కార్డు సంగతి కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ బాలుడు కాగితాలు చేతబట్టుకొని మా వద్దకు వచ్చిన నాడే మేము ఒక క్రెడిట్ కార్డు బిల్లును మొదటి నుంచి చివరి వరకు చదివాము. నేటి ప్రసంగానికి ఈ అంశాన్ని ఎన్నుకోవడానికి కారణం అదే.

దైవప్రవక్త (సఅసం) సన్నిధికి ఒక వ్యక్తి జనాజా తీసుకురాబడింది. అతనిపై రెండు దీనార్ల అప్పు ఉందని తెలిసి ఆయన వెనుదిరిగారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ రెండు దీనార్ల బాధ్యత తాను స్వీకరిస్తానని చెప్పిన తరువాతనే నమాజు చేయించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో ఇంకొక సంగతి ఉంది. ఆ తరువాత ఆ రెండు దీనార్లు ఏమయ్యాయని ప్రవక్త (సఅసం) మళ్లీ అడిగారు. తీర్చివేశానని అబూ ఖతాదా (రజి) చెప్పాకే, ఇప్పుడు ఆ మనిషికి చల్లదనం లభించిందన్న భావంలో పలికారు. అప్పు చేయడమే పాపమని దీని అర్థం కాదు. ప్రవక్త (సఅసం) స్వయంగా అప్పు తీసుకున్నారు. ఆయన పరమపదించిన నాటికి ఆయన కవచం ముప్పై సాల బార్లీకి తాకట్టులో ఉంది. కానీ అది దాచిన అప్పు కాదు. ఇంట్లో వారికి తెలుసు, సహచరులకు తెలుసు, దానికి ఈడుగా పెట్టిన వస్తువు ఉంది. అప్పును వ్రాసిపెట్టుకోవాలని ఆదేశించే వాక్యమే (అల్ బఖరా 282) దివ్య ఖుర్ఆన్‌లోని వాక్యాలన్నింటిలో పొడవైనదన్న విషయం కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

ఇక బిల్లు విషయానికి వద్దాము.

మన ప్రాంతంలో వడ్డీని ఎన్నడూ సంవత్సరానికి ఇంత శాతమని లెక్కించలేదు. నూటికి రెండు రూపాయలు, నూటికి మూడు రూపాయలు అంటాము, అది నెలకు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే రైతుకు, చదువు రాకున్నా, ఈ లెక్క తెలుసు. నూటికి అయిదు అంటే కొంప మునిగిందని తెలుసు. క్రెడిట్ కార్డు బిల్లులో చిన్న అక్షరాలలో ఉన్న రేటును ఈ భాషలోకి మార్చి చూడండి. చాలా కార్డులలో అది నెలకు నూటికి మూడున్నర రూపాయల చుట్టూ ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయలు దాటుతుంది. వడ్డీ వ్యాపారి గడప తొక్కడమే అవమానమని భావించే సోదరుడు అదే రేటును జేబులో పెట్టుకొని మస్జిదుకు వస్తున్నాడు. ఏడాదికి 30 శాతం మించిన వడ్డీ అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కనుక నేడు ఆ హద్దు కూడా లేదు.

యాభై వేల రూపాయల బాకీ ఉందనుకోండి. ఒక నెల వడ్డీ 1,750 రూపాయలు, దానిపై జీఎస్టీ 315, మొత్తం 2,065. బిల్లుపై 'కనీస చెల్లింపు' అని ఒక అంకె ఉంటుంది. బ్యాంకును బట్టి మారినా, బాకీలో నూటికి అయిదు చొప్పున 2,500 అనుకుందాము. అది కట్టినవాడు ఈ నెల గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాడు. నిజానికి అసలులో తగ్గినది 435 రూపాయలే. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకుండా ఇలా పన్నెండు నెలలు కనీస చెల్లింపులే చేస్తూ పోతే, చేతి నుంచి 28 వేలకు పైగా పోతుంది, అప్పు తగ్గేది సుమారు అయిదు వేలు. మదరసాలో ఫరాయిజ్ లెక్కలు, అంటే వారసత్వపు వాటాల లెక్కలు, నేర్చుకున్నవారము గనుక కూడికలు తీసివేతలు మాకు కొత్త కాదు. అయినా ఈ లెక్కను రెండుసార్లు సరిచూసుకున్నాము.

కొత్తగా వాడితే సంగతి మరింత విషమిస్తుంది. యాభై రోజుల వరకు వడ్డీ లేదని కార్డు అమ్మేవాడు చెప్పే గడువు, గత బిల్లును పూర్తిగా కట్టినవానికి మాత్రమే వర్తిస్తుంది. పాత బాకీ మిగిలి ఉంటే, ఈ రోజు కొన్న బియ్యం బస్తాపై ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డుతో నగదు తీస్తే గడువే లేదు, పైగా రుసుము. కొన్ని దుకాణాలలో వస్తువేమీ కొనకుండా కార్డు గీకించుకొని కమీషను పట్టుకొని నగదు ఇస్తారు. ఒక కార్డు బాకీ తీర్చడానికి రెండవది, రెండవదాని కోసం మూడవది గీకుతారు. మరణించిన ఆ సోదరుని మూడు కార్డుల కథ ఇదే.

రివార్డు పాయింట్ల గురించి యువకులు తరచుగా అడుగుతున్నారు, ముఖ్యంగా హనుమకొండ చౌరస్తాలో నిలబెట్టి ఫారం నింపించుకున్నవారు. కొనుగోలుపై కార్డు సంస్థ తన వైపు నుంచి ఇచ్చే పాయింట్లను కానుకగా పరిగణించి అనుమతించిన పండితులు ఉన్నారు. కానీ ధర్మశాస్త్రానికి ముందు లెక్కశాస్త్రం చూడండి. నూరు రూపాయలకు ఒక పాయింటు, పాయింటుకు పావలా అనుకుంటే, యాభై వేల ఖర్చుపై వచ్చేది 125 రూపాయలు. అదే యాభై వేలపై ఒక నెల వడ్డీ, పన్ను 2,065 అని పైన చూశాము. ఆ 125 కోసం అవసరం లేని వస్తువు ఎన్నిసార్లు కొన్నామో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

మన జిల్లా ఈ పాఠం ఒకసారి చాలా ఖరీదుకు నేర్చుకుంది. 1997-98లో పత్తి పంటను పురుగు తినివేసినప్పుడు ఇక్కడి రైతులు పురుగుమందును ఉద్దెరకు తెచ్చారు. మందు అమ్మినవాడే అప్పు ఇచ్చినవాడు. డబ్బా చేతిలో పెట్టేటప్పుడు పురుగు చస్తుందా లేదా అన్నదే మాట, ఖాతాలో వడ్డీ ఎంత పడుతుందన్న మాట రాదు. పురుగు చావలేదు. అప్పు తీర్చలేని రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. అమ్మకమూ అప్పూ ఒకే చేతి నుంచి వచ్చినప్పుడు కొనేవాడి కన్ను వస్తువుపైనే ఉంటుంది. ఫోనులో ఒక మీట నొక్కితే వాయిదాలపై వస్తువు ఇంటికి చేరే ఈ రోజుల్లోనూ అంతే.

మరి కార్డు అసలు ఉంచుకోవచ్చునా? అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో జరిపిన 12వ సమావేశంలో, ఒప్పందంలోనే వడ్డీ షరతు ఉన్న క్రెడిట్ కార్డును, గడువులోపే కట్టే ఉద్దేశం ఉన్నా సరే, తీసుకోరాదని నిర్ణయించింది. వడ్డీ పడే అవకాశమే లేకుండా చూసుకునేవానికి అవసరం మేరకు అనుమతించిన ముఫ్తీలూ ఉన్నారు. రెండు అభిప్రాయాలనూ దాచకుండా చెప్పడం మా బాధ్యత. మా వరకు మేము మొదటి దాని వైపే మొగ్గుతాము. డెబిట్ కార్డు, యూపీఐ ఉండగా మనలో చాలామందికి క్రెడిట్ కార్డు అవసరమే రాదు. వృత్తిరీత్యా తప్పనివారు ఆటో చెల్లింపు పెట్టుకునేటప్పుడు జాగ్రత్త వహించాలి. అక్కడ 'పూర్తి బాకీ', 'కనీస బాకీ' అని రెండు గళ్లు ఉంటాయి. పూర్తి బాకీ గడినే ఎంచుకోవాలి. మీ కార్డును స్నేహితునికి ఫోను కొనడానికి ఇవ్వకండి. అతడు కట్టకపోతే ఆ బాకీ మీ జనాజా దాకా మీ పేరుతోనే వస్తుంది.

ఇప్పటికే కూరుకుపోయినవారికి కొన్ని సంగతులు. మొదట కార్డు వాడకం ఆపండి. ఇంట్లో చెప్పండి. ఇది అన్నింటికన్నా కష్టమైన పని అని మాకు తెలుసు. బంగారమో, అదనపు వాహనమో ఉంటే అమ్మి అసలు తగ్గించండి. బ్యాంకుకు వ్రాతపూర్వకంగా అర్జీ పెట్టి వడ్డీ మాఫీ కోరండి. అడగకుండా ఎవరూ తగ్గించరు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. బెదిరింపులు, బంధువుల ముందు అవమానించడం కూడా నిషిద్ధమే. బ్యాంకు మీ ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరించకపోతే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, సమాచారానికి 14448 నంబరు ఉంది. బాకీ తీరిన కార్డును మూసివేయమని కోరితే ఏడు పనిదినాలలో మూసివేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు వారే మీకు చెల్లించాలి.

స్థోమత గలవారికి ఒక మాట. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఒకరని దివ్య ఖుర్ఆన్ (అత్ తౌబా 60) పేర్కొన్నది. రంజాన్‌లో చీరలు, రేషను కిట్లు పంచే మన అలవాటు మంచిదే. కానీ ఒక కుటుంబం మెడ మీది అప్పును పూర్తిగా దించివేయడం మన జకాత్ లెక్కల్లో ఎంత అరుదో చూడండి.

ఆ బాలుని విషయానికి వస్తే, చట్టప్రకారం తండ్రి బాకీకి తండ్రి వదిలిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. ఫరాయిజ్‌లోనూ ముందు అప్పు, ఆ తరువాత వసియ్యత్, ఆ తరువాతే వాటాలు. ఒక స్కూటరు, కొద్ది నగదు ఉన్నాయి. రెండు కార్డులపై వడ్డీ వదులుకోవడానికి బ్యాంకులు అంగీకరించాయి. మిగిలిన అసలుకు మహల్లాలోని నలుగురు సోదరులు పూచీపడ్డారు. ప్రతి నెలా వారిని కలిసి ఎంత తీరిందని అడుగుతున్నాము. ఇంకా పద్దెనిమిది వేలు ఉంది.

వచ్చే జుమా నుంచి అసర్ నమాజు తరువాత, వజూఖానా పక్క గదిలో, బ్యాంకులో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక సోదరుడు కూర్చుంటారు. కార్డు బిల్లులన్నీ, చూపడానికి సిగ్గుపడేవి సహా, తీసుకొని రండి. అక్కడ విన్నది బయటకు పోదు. స్త్రీలకు ఆదివారం ఉదయం వేరుగా సమయం కేటాయించబడింది.