బండి కింద పట్టని పైపు

అద్దంకిలో ట్రాక్టరు సైలెన్సర్ పగిలితే ఎవరూ పెద్దగా కంగారు పడరు. బానెట్ మీద నిటారుగా నిలబడే గొట్టం అది. పైన ఆకాశం, చుట్టూ గాలి. పాతది విప్పి కొత్తది పెడతారు. రంధ్రాలు కలవకపోతే గ్యాస్‌తో వేడిచేసి కాస్త సాగదీసి బిగిస్తారు. అంగుళం అటు వాలినా ఇటు వాలినా దుక్కికి వచ్చిన నష్టమేమీ లేదు. అదే పని కారు కింద చేయాల్సి వస్తే సంగతి వేరు. ఇంజన్ దగ్గర మొదలైన పైపు స్టీరింగ్ రాడ్డును తప్పించుకోవాలి. సబ్‌ఫ్రేమ్ కిందుగా దూరి, పెట్రోల్ ట్యాంకు పక్కగా పోయి, వెనక ఇరుసును దాటాలి. స్టెప్నీ గుంట పక్కన డబ్బా ఇమడాలి. చివరికి బంపర్‌లో కోసి ఉంచిన ఖాళీలోంచే తోక బయటికి రావాలి. ఈ దారిలో ఎక్కడ నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చినా ఆ తేడా బంపర్ దగ్గరికి చేరేసరికి రెండు వేళ్ల మందమవుతుంది.

అయినా మోజు మోజే. అద్దంకి నుంచి మేదరమెట్ల వెళ్తే 16వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. దాని మీదే కొరిశపాడు దగ్గర రోడ్డును అత్యవసర వేళల్లో విమానాలు దిగేందుకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. 2022 డిసెంబరు 29న వాయుసేన అక్కడ ట్రయల్ రన్ కూడా చేసింది. యుద్ధ విమానాల గర్జన విన్న ఊళ్లలో, చేతికి టర్బో కారు వచ్చిన కుర్రాడికి కంపెనీ సైలెన్సర్ చప్పగా అనిపించడంలో వింతేముంది? ఫోన్‌లో వెతుకుతాడు, ఆర్డరు పెడతాడు. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు అట్టపెట్టెలో దిగుతాయి. కొయ్యక్కర్లేదు, అతకక్కర్లేదు, బోల్టులు బిగిస్తే చాలని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ మాట ఏ కారును చూసి రాశారన్నది మాత్రం పెట్టె మీద ఉండదు.

ఎగ్జాస్ట్ అంటే వెనక కనిపించే డబ్బా ఒక్కటే కాదు. ఇంజన్ హెడ్‌కు అతుక్కుని మ్యానిఫోల్డ్, దాని తర్వాత టర్బో ఉంటే టర్బో, అక్కణ్నుంచి కిందికి దిగే డౌన్‌పైపు, పొగలోని విషాన్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), నడుమ మూలుగును తగ్గించే రెజొనేటర్, చివర సైలెన్సర్, టిప్. వెనక డబ్బా ఒక్కటే మారిస్తే తలనొప్పి తక్కువ. ముందుకు వెళ్లేకొద్దీ జాగా ఇరుకు, వేడి ఎక్కువ, కొలతలో పట్టువిడుపులు తక్కువ.

సగం ఇబ్బందులకు కారణం కారు పేరు చూసి పైపు కొనడమే. ఫోక్స్‌వ్యాగన్ పోలోనే తీసుకోండి. జీటీ టీఎస్ఐ 2013లో మన దేశంలోకి వచ్చినప్పుడు దాని ఇంజన్ 1.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు. 2020లో బీఎస్6 నిబంధనలు వచ్చాక అదే పోలో, అదే టీఎస్ఐ బిళ్ల, కానీ ఇంజన్ 1.0 లీటరు, మూడు సిలిండర్లు. బయటి నుంచి చూస్తే అన్నదమ్ములు. కింద నుంచి చూస్తే చుట్టరికమే లేదు. కొత్త ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ విడిగా ఉండదు, సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోత పోశారు. పాతదానికి, మ్యానిఫోల్డ్ స్థానంలో పెట్టేలా చేసిన హెడర్‌ను దీనికి బిగిద్దామంటే బిగించే చోటే లేదు. 2022లో పోలో తయారీ ఆగిపోయాక సెకండ్‌హ్యాండ్ బేరాలు పెరిగాయి. కారుతో పాటు పాత యజమాని దగ్గర మిగిలిన పైపులూ చేతులు మారుతుంటాయి. ఆర్సీలో తయారైన నెల, ఇంజన్ సీసీ చూడకుండా వాటికి డబ్బు కట్టడం గుడ్డి బేరమే.

బుల్లెట్ వాళ్లకూ ఇది అనుభవమే. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి ఇంజన్, ఛాసిస్ రెండూ కొత్తవి. పాత క్లాసిక్ సైలెన్సర్‌ను దానికి తగిలించాలంటే క్లాంపులతో, వెల్డింగుతో కుస్తీ పట్టాల్సిందే.

ఇక అమెరికా సామాను సంగతి. ఈ ప్రాంతంలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు అక్కడ ఉంటారు. డాలస్ నుంచి వచ్చే బావ సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు హెడర్ తెప్పించుకోవడం పెద్ద కష్టం కాదు. దాన్ని బిగించడమే కష్టం. అమెరికాలో స్టీరింగ్ ఎడమ పక్కన, ఇక్కడ కుడి పక్కన. స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే షాఫ్టు కూడా అటు నుంచి ఇటు మారుతుంది. అక్కడ ఖాళీగా ఉన్న చోటే ఇక్కడ షాఫ్టు అడ్డం వస్తుంది. ఫోర్డ్ మస్టాంగ్ ఇందుకు మంచి ఉదాహరణ. దశాబ్దాల పాటు ఎడమ స్టీరింగ్‌తోనే తయారైన ఆ కారును ఆరో తరం నుంచి ఫ్యాక్టరీలోనే కుడి స్టీరింగ్‌తోనూ చేయడం మొదలుపెట్టారు. మన దేశంలోకి 2016లో వచ్చింది. అమెరికా మార్కెట్ కోసం చేసిన పొడుగాటి హెడర్లను దీనికి పెట్టబోతే కుడివైపు గొట్టాలు స్టీరింగ్ షాఫ్టుకు తగులుతాయి. కుడి స్టీరింగ్ దేశాలకు విడిగా హెడర్లు చేసి అమ్మేది అందుకే. వెనక డబ్బాలకు ఈ పేచీ అంతగా ఉండదు.

పైపు సరైనదే వచ్చిందనుకుందాం. అప్పుడు షెడ్డులో జరిగే పని చూడాలి. బండిని ర్యాంపు మీదికి ఎక్కిస్తారు. మొదట ఎదురయ్యేది కొత్త పైపు కాదు, పాత నట్లు. ఏళ్ల తరబడి కాలి, చల్లారి, వాన నీళ్లు తాగి తుప్పుతో స్టడ్డులకు కరుచుకుని ఉంటాయి. తొందరపడి పానా వేసి లాగితే నట్టు రాదు, స్టడ్డే విరుగుతుంది. అది టర్బో దగ్గరి స్టడ్డు అయితే రోజంతా దానికే సరి. పని తెలిసిన మేస్త్రీ ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పట్టించి వదిలేస్తాడు.

పాత పైపు దిగాక కొత్త ఫ్లేంజ్‌ను పట్టి చూస్తారు. రెండు బోల్టుల ఫ్లేంజ్. ఒక బోల్టు దూరింది, రెండోది దూరలేదు. రంధ్రం పక్కకు నాలుగు మిల్లీమీటర్లు. ఇక్కడే రెండు దారులున్నాయి. ఆకురాయితో రంధ్రాన్ని కోలగా సాగదీసి బోల్టు దూర్చేయడం మొదటిది, చవకైనది. అప్పుడు ప్యాకింగ్ మీద ఒత్తిడి ఒక పక్కనే పడుతుంది, వారం పది రోజుల్లో పట్పట్ మంటూ పొగ చిమ్ముతుంది. ఫ్లేంజ్‌ను కోసేసి, పైపును కారు మీదే తిన్నగా నిలిపి, టాకాలు వేసి గుర్తు పెట్టుకుని, కిందికి దించి ఆర్గాన్ వెల్డింగ్ చేయించడం రెండోది. దీనికి డబ్బూ ఓపికా రెండూ కావాలి. ఈ పనికి కొందరు విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్తారు. లారీల, బస్సుల పైపులు కొలత చూసి వంచిన చేతులకు కారు పైపు ఒక లెక్క కాదు. స్టెయిన్‌లెస్ స్టీలును మామూలు ఆర్క్ రాడ్డుతో అతికించడం మాత్రం ఎక్కడ చేయించినా దండగే. అతుకు దగ్గరే మొదట తుప్పు పడుతుంది, అక్కడే చీలుతుంది.

చల్లగా ఉన్నప్పుడు అద్దంలా కుదిరిన పైపు వేడెక్కాక కుదరకపోవచ్చు. స్టెయిన్‌లెస్‌లో మేలు రకంగా చెప్పుకునే 304 గ్రేడు, మీటరు పొడవుకు 100 డిగ్రీల వేడికి దాదాపు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు పొడవు పెరిగినట్టే. చాలా కంపెనీలు వాడే 409 రకం అందులో మూడింట రెండు వంతులే సాగుతుంది. అంటే ఖరీదైన పైపుకు ఖాళీ ఇంకా ఎక్కువ వదలాలి. దీనికి తోడు, అడ్డంగా కూర్చున్న ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ తన మౌంటింగుల మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపును మింగడానికే కంపెనీలు నడుమ అల్లిక తొడిగిన ఫ్లెక్స్ పైపు పెడతాయి, లేదా స్ప్రింగు బోల్టులతో గుండ్రటి రింగు ప్యాకింగ్ వేస్తాయి. దాన్ని తీసేసి గట్టి ఫ్లేంజ్‌తో బిగించేస్తే ఊపంతా మ్యానిఫోల్డ్ మీదికి పోతుంది. ఆరు నెలలకు మ్యానిఫోల్డ్ చీలితే పైపును తిట్టుకుంటారు గానీ, ఆ రోజు ఫ్లెక్స్ తీసేసింది ఎవరో గుర్తుండదు.

పైపును వేలాడదీసి పట్టుకునే హ్యాంగర్ రబ్బర్లు కూడా కొత్తవి వేయించడం మంచిది. పాత రబ్బరు సాగిపోయి ఉంటుంది, కొత్త డబ్బా బరువు వేరు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ‘టంగు’మని వినిపించే చప్పుడులో ఎక్కువ భాగం ఈ రబ్బర్ల పుణ్యమే. మన పల్లెటూరి స్పీడ్ బ్రేకర్ల ఎత్తు తెలిసినవాళ్లెవరూ లావు పైపును కిందికి వేలాడేయరు.

లావు పైపుతో ఇంకో చిక్కుంది. రెండంగుళాల పైపు ఉన్న చోట రెండున్నర అంగుళాలది పెడితే వ్యాసం పన్నెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. అప్పుడు క్యాట్ చుట్టూ, ట్యాంకు పక్కన కంపెనీ పెట్టిన హీట్ షీల్డ్ రేకులు అడ్డం వస్తాయి. చాలా షెడ్డుల్లో వాటిని విప్పి మూలన పడేస్తారు. నగరంలో నడిచే కారుకే అది మంచిది కాదు. పత్తి, మిరప పండే మైదానంలో మరీ చేటు. క్యాట్ లోపల వేడి 400 డిగ్రీల నుంచి 800 దాకా ఉంటుంది. కోతల కాలంలో రోడ్ల మీద కంది, జొన్న పరిచి బండ్లతో తొక్కించడం ఇక్కడ కొత్తేమీ కాదు. ఎండిన కట్టె కారు అడుగున చుట్టుకుని, రేకు లేని క్యాట్‌కు తగిలితే అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. పొలం గట్టున ఎండు పత్తికట్టె మీద బండి ఆపినా అదే ప్రమాదం. అందంకోసం వేసే పైపుకు తీయకూడని భాగమంటూ ఒకటుంటే అది ఈ పలచటి రేకే.

కంటికి కనపడని ఇబ్బంది ఆక్సిజన్ సెన్సర్‌ది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి పెట్రోల్ ఎంత పోయాలో ఇంజన్ కంప్యూటరైన ఈసీయూకు చెప్పేది అదే. సెన్సర్‌కు ముందు ఎక్కడ సన్నటి లీకున్నా, పొగ బయటికి పోవడమే కాదు, రెండు పొగ దెబ్బల నడుమ బయటి గాలి లోపలికి చొరబడుతుంది. ఆక్సిజన్ ఎక్కువైందని సెన్సర్ చెబుతుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది. క్యాట్ తీసేసినా, పలచటిది పెట్టినా దాని వెనకున్న రెండో సెన్సర్ ఊరుకోదు. డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పి0420 అని చూపిస్తుంది, అంటే క్యాట్ సరిగా పనిచేయడం లేదని. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 రెండో దశ కార్లలో ఈ నిఘా ఇంకా గట్టిది.

అన్నీ కుదిరాక కూడా అనుకున్న చప్పుడే వస్తుందని నమ్మకం లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80 సార్లు పేలుతుంది. రెజొనేటర్ తీసేసిన కారులో సరిగ్గా హైవే వేగం దగ్గర ఆ 80 హెర్ట్జ్ మూలుగు డిక్కీలో గింగురుమంటుంది. ఒంగోలు నుంచి గుంటూరు చేరేసరికి వెనక సీట్లో ఉన్న అమ్మమ్మకు తలనొప్పి. హ్యుందాయ్ 2021లో తెచ్చిన ఐ20 ఎన్ లైన్‌కు జంట టిప్పుల ఎగ్జాస్ట్‌ను ఫ్యాక్టరీలోనే, చప్పుడు కూడా చూసుకుని అమర్చింది. ఈ మోజు ఉన్నవాళ్లు షోరూమ్‌లో ముందు అలాంటి కారును చూడటం తెలివైన పని అనిపిస్తుంది.

చట్టం మాట పక్కన పెట్టలేం. తయారీ దశలో కారు శబ్దం 74 డెసిబెళ్లు, 175 సీసీ దాటిన బైకుది 80 డెసిబెళ్లు మించకూడదు. సైలెన్సర్ ఉండితీరాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది చెబుతోంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్యానికి జరిమానా విడిగా 10,000 దాకా. విశాఖపట్నంలో 2023లో పోలీసులు వందలాది సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించారు. వాటిలో దాదాపు అన్నీ బైకులవే. కారు వాళ్లు దొరకనంత మాత్రాన చట్టం వాళ్లకు వర్తించదని కాదు. ప్రమాదం జరిగి క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు బీమా కంపెనీ సర్వేయర్ కూడా బండి కిందికి వంగి చూస్తాడు.

అమెరికాలో అన్నీ చెల్లుతాయనుకోవడం కూడా పొరపాటే. కాలిఫోర్నియాలో కారు ఎగ్జాస్ట్ 95 డెసిబెళ్లు దాటకూడదు. బాగుచేయించి చూపిస్తే వదిలేసే పద్ధతిని 2019 జనవరి 1 నుంచి మార్చి, నేరుగా జరిమానా వేస్తున్నారు.

పని తెలిసిన మేస్త్రీలు ముందే కొన్ని మాటలు తేల్చుకుంటారు. ఆర్సీ జిరాక్సు చూపించందే పైపు తెప్పించరు. కొత్త పైపును చేతితో వదులుగా తగిలించి, ముందు నుంచి వెనక్కి వరస తప్పకుండా నిలుపుకుంటూ వచ్చి, అన్ని చోట్లా వేలు పట్టేంత సందు ఉందని చూసుకున్నాకే బిగిస్తారు. బండిని పది కిలోమీటర్లు తిప్పించి, చల్లారాక మళ్లీ పానా వేస్తారు. పైపు కుదరకపోతే కోసేది కొత్తదాన్నే, కంపెనీ పైపు జోలికి పోరు. కోసిన కంపెనీ పైపును మళ్లీ అతికించడం కన్నా కొత్తది కొనడమే నయం, దాని ధర వింటే కళ్లు తిరుగుతాయి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు ఆర్టీఓ ముందు నిలబెట్టాల్సి వచ్చినా, అంతకు ముందే అమ్మకానికి పెట్టినా అవసరపడేది ఆ పాత పైపే. అందుకే దాన్ని గోనెసంచిలో చుట్టి, విప్పిన నట్లూ బోల్టులూ అదే సంచిలో వేసి, మూతి కట్టి బండివాళ్ల చేతికే ఇచ్చి పంపిస్తారు.