జంట కాళ్ళకు అడ్డకట్టు

1969లో జపానులో హోండా కంపెనీవారు సి.బి. 750 అనే నాలుగు సిలిండర్ల మోటారు సైకిలును విడుదల చేశారు. మహావేగం గల బండి. చక్రానికి అటూ ఇటూ నిలబడే ఫోర్కు గొట్టాల వ్యాసం మాత్రం 35 మిల్లీమీటర్లే. పైగా ముందు డిస్కు బ్రేకు ఒక్క పక్కనే. గట్టిగా పట్టితే ఒక కాలు ఒకలా, రెండోది ఇంకోలా కదలబోయి చక్రం మెలితిరగజూస్తుంది. మలుపులో ఆ మాత్రం చాలదూ, ప్రాణం మీదికి రావడానికి?

అందుకే పాతబండ్ల మోజుగలవారు కొందరు చక్రం మీదుగా రెండు కాళ్ళనూ కలిపి అల్యూమినియం అడ్డకట్టు వేస్తారు. పేరు ఫోర్కు బ్రేసు. కిటుకంతా బిగించడంలోనే ఉంది. మరలు వదులుగా పెట్టి, బండి ముందుభాగాన్ని నాలుగైదుసార్లు అదిమి వదిలి, కాళ్ళు సర్దుకున్నాక బిగించాలి. తొందరపడితే కాళ్ళు సమాంతరం తప్పి పట్టేస్తాయి. ఇక స్ప్రింగులు ఉండీ ఏం లాభం? ఫోర్కు పూర్తిగా దిగినా కట్టు పైన తగలకూడదు. హేండిలు మెడలో బేరింగులు అరిగి ఉంటే మాత్రం ముందు వాటిని మార్చవలసిందే. ఆ వణుకు ఈ కట్టుతో పోదు.