డ్రిల్లు కొనే ముందు బ్యాటరీని చూద్దాం

మన ఇళ్ళలో మూడు నాలుగేళ్ళకోసారి గోడలు మారతాయి. కొత్త క్వార్టర్ చేతికి రాగానే కర్టెన్ రాడ్లు, అద్దం, గడియారం, దేవుడి పటం అన్నీ మళ్ళీ బిగించుకోవాలి. పాతిక రంధ్రాలకు తక్కువ పడవు. ఆ ఊళ్ళో ఎలక్ట్రీషియన్ ఎవరో తెలియదు, ఒక్కోసారి అక్కడి భాష కూడా రాదు. అందుకే చాలా ఇళ్ళలో వైరు లేని డ్రిల్లు కొంటున్నారు. రెండో బదిలీ నాటికి అది అటకెక్కుతుంది. విప్పి చూస్తే మోటారు బాగానే ఉంటుంది, పోయింది బ్యాటరీయే. కాబట్టి డ్రిల్లు ఎంచుకోవడం కూడా బ్యాటరీ దగ్గరే మొదలుపెట్టాలి.

దుకాణంలో ఒక పెట్టె మీద 18 వోల్టులని, ఇంకోదాని మీద 20 అని, మరోదాని మీద 21 అని ఉంటుంది. 21ది ఎక్కువ బలమైనదని అనుకుంటాం. నిజానికి మూడింటి లోపలా ఉండేవి సాధారణంగా ఐదు లిథియం అయాన్ సెల్సే. ఒక్కో సెల్ సగటున 3.6 వోల్టులు ఇస్తుంది, ఐదు కలిపితే 18. నిండా చార్జి చేసినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులకు చేరుతుంది, అప్పుడు ఐదింటికీ కలిపి 21. ఒకరు సగటు రాశారు, ఇంకొకరు గరిష్ఠం రాశారు, అంతే తేడా. చవక రకాల మీద 48 అని అచ్చేసినవీ కనిపిస్తాయి. అలాంటి అంకెను చూసి మోసపోకుండా, ప్యాకు మీద చిన్న అక్షరాలతో ఉండే ఆంపియర్-అవర్ అంకెను, వాట్-అవర్ అంకెను వెతకాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. ప్యాకులో ఎంత శక్తి పడుతుందో చెప్పేది అదే.

స్క్రూలు బిగించడానికి, చెక్కలో రంధ్రాలకు 12 వోల్టులది చాలు, చేతికి తేలిక కూడా. మన పని ఎక్కువగా గోడలతో కాబట్టి హ్యామర్ సౌకర్యం ఉన్న 18 వోల్టులది కావాలి. ఇటుక గోడ దానికి లొంగుతుంది. కిటికీ పైన కర్టెన్ రాడ్ బిగించే చోట మాత్రం చాలాసార్లు ఇటుక ఉండదు, కాంక్రీటు లింటల్ ఉంటుంది. అక్కడ చిన్న డ్రిల్లు ఎంత నొక్కినా బిట్ వేడెక్కుతుందే తప్ప లోపలికి దిగదు. దానికి రోటరీ హ్యామర్ అనే వేరే యంత్రం ఉంది, ఆ రెండు రంధ్రాల కోసం దాన్ని అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ఇంకో మాట. ఇంట్లో ప్లగ్ పాయింట్లు ఉండి, మూడేళ్ళకోసారి మాత్రమే పని పడేవాళ్ళకు వైరున్న డ్రిల్లే మంచిదని మా అభిప్రాయం. అది పదేళ్ళు అటక మీదున్నా దిగగానే తిరుగుతుంది. అయినా వైరు లేనిదే కావాలంటే, దాని బ్యాటరీ విడిగా దొరుకుతుందా, మనం వెళ్ళే చిన్న ఊళ్ళలో కూడా ఆ కంపెనీ సర్వీసు ఉందా అని ముందే అడగాలి. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ డ్రిల్లుకు సాధారణంగా పట్టదు.

ఇక బ్యాటరీ ఎలా పోతుందో చూద్దాం. నిండా చార్జి అయినట్టు లైటు వెలుగుతుంది. బిట్ గాలిలో గిర్రున తిరుగుతుంది. గోడకు ఆనించి నొక్కగానే ఆగిపోతుంది. పన్నెండో తరగతి ఫిజిక్సులో ఇంటర్నల్ రెసిస్టెన్స్ చదివినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి బ్యాటరీ లోపలా కొంత నిరోధం ఉంటుంది, వయసుతో అది పెరుగుతుంది. ప్యాకు 20 వోల్టులు చూపుతోందనీ, గోడను తొలిచేటప్పుడు మోటారు 20 ఆంపియర్లు లాగుతోందనీ అనుకుందాం. లోపలి నిరోధం 0.1 ఓమ్ అయితే 2 వోల్టులు లోపలే పోతాయి, మోటారుకు 18 అందుతాయి. అదే నిరోధం 0.3 ఓమ్‌కు పెరిగితే 6 వోల్టులు పోయి 14 మాత్రమే మిగులుతాయి. అంత తక్కువకు పడిపోతే సెల్స్‌ను కాపాడే సర్క్యూట్ కరెంటును ఆపేస్తుంది. గాలిలో తిరిగేటప్పుడు కరెంటు తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే, అందుకే అప్పుడు బాగున్నట్టు కనిపిస్తుంది. మల్టీమీటరుతో ఊరికే కొలిస్తే ఈ జబ్బు దొరకదు, పని చేయిస్తూ కొలవాలి. తరచుగా ఐదు సెల్స్‌లో ఒక్కటే బలహీనపడుతుంది, మిగతా నాలుగూ దానివల్ల ఆగిపోతాయి.

పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నుంచి ఒక సలహా ఇప్పటికీ వినిపిస్తుంది: పూర్తిగా అయిపోయాకే చార్జి చెయ్యమని. లిథియం బ్యాటరీకి అది హాని. బొత్తిగా ఖాళీ అయినదాన్ని సామాన్లలో పడేస్తే నెలల తరబడి ఇంకా దిగజారుతుంది. నిండా చార్జి చేసి వేడిలో ఉంచినా త్వరగా ముసలిదవుతుంది. మే నెలలో నాగపూర్ మీదుగా వెళ్ళే లారీలో ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి! అందుకే ప్యాకింగ్ రోజున బ్యాటరీని డ్రిల్లు నుంచి తీసి, సగం చార్జి ఉంచి, మన వెంట వచ్చే సంచిలో పెట్టుకోవాలి. లేహ్ వంటి చోట్ల సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది. గది వెచ్చదనానికి వచ్చాకే చార్జరులో పెట్టాలి.

మరీ దిగజారిన బ్యాటరీని చార్జరు తీసుకోదు. అప్పుడు కొందరు ఇంకో బ్యాటరీ నుంచి వైర్లు కలిపి 'లేపుతారు'. ఇది మాత్రం వద్దు. వోల్టేజి బాగా పడిపోయిన సెల్‌లో రాగి రేకు కరుగుతుంది, తర్వాత చార్జి చేసినప్పుడు లోపలే షార్ట్ కావచ్చు, మంటలు రావచ్చు. సెల్స్ మార్చాలంటే అనుభవమున్న మెకానిక్ చేత ఐదూ ఒకే రకానివి, కొత్తవి వేయించాలి. ఒక్కదాన్నే మారిస్తే పాతవాటితో దానికి పొత్తు కుదరదు. సాల్డరింగ్ వేడి సెల్‌ను పాడు చేస్తుంది, అందుకని స్పాట్ వెల్డింగ్ చేసేవాళ్ళనే వెతకాలి.

చార్జి పెడితే బాగా కాలిపోయేదాన్ని, పగిలినదాన్ని, వింత వాసన వచ్చేదాన్ని ఇక వాడకూడదు. దాని కొనలకు టేపు అంటించి అమ్మిన దుకాణానికో, సర్వీసు సెంటరుకో, ఈ-వేస్ట్ సేకరించేవాళ్ళకో ఇవ్వాలి. చెత్తబుట్టలో వేస్తే చెత్త బండిలో నలిగి అంటుకోవచ్చు. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారుల మీదే పెట్టాయి కనుక అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

పోర్ట్ బ్లెయిర్‌కో, ఇంఫాల్‌కో బదిలీ అయి విమానంలో వెళ్ళేవాళ్ళు డ్రిల్లును, బిట్లను చెకిన్ సామానులో వెయ్యాలి. విడి బ్యాటరీలు మాత్రం అందులో ఉండకూడదు, కొనలకు టేపు వేసి చేతి సంచిలో పెట్టుకోవాలి. 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 18 వోల్టుల 2 ఆంపియర్-అవర్ ప్యాకు 36 వాట్-అవర్లే. 5 ఆంపియర్-అవర్‌దైనా 90కి ఆగుతుంది. 6 అయితే 108.