మునిగిన ఓడలో నిధి ఎవరిది?



రాయగడలో మన స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూల రోజున ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయిని "ఏం కావాలనుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "ఓడలు డిజైన్ చేస్తానండీ" అంది. పక్కనే ఉన్న తండ్రిగారు అడ్డుపడి, "కొండల్లో పెరిగిన పిల్లకు సముద్రం ఎందుకండీ! టీవీలో స్పెయిన్ వాళ్ళ మునిగిన ఓడలు, బంగారం చూసి పట్టిన పిచ్చి ఇది" అన్నారు. ఆ పిచ్చి నాకూ ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

16వ శతాబ్దం నుంచి స్పెయిన్ దేశస్థులు అమెరికా ఖండంలోని గనుల నుంచి, ముఖ్యంగా నేటి బొలీవియాలోని పొటోసి నుంచి, వెండిని ఓడలలో తమ దేశానికి తరలించేవారు. ఈ సంపదను మోసిన పెద్ద ఓడలలో ముఖ్యమైనది గాలియన్. అంతకు ముందరి ఓడల కంటే ఇది పొడవుగా, సన్నగా ఉండేది. ముందుభాగం ఎత్తు తగ్గించారు, వెనుకభాగం ఎత్తుగానే ఉంచారు. మూడు నాలుగు కొయ్యలు, వాటికి తెరచాపలు, పక్కల ఫిరంగులకు కిటికీలు. అంటే సరుకు ఓడ, యుద్ధనౌక రెండూ ఒకటే.

1622 సెప్టెంబరులో 'అటోచా' అనే గాలియన్ అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర తుఫానులో చిక్కి, నీటిలోని దిబ్బకు కొట్టుకుని మునిగింది. అందులోని 265 మందిలో బతికింది ఐదుగురే. మెల్ ఫిషర్ అనే ఆయన ఏళ్ళ తరబడి వెతికి 1985 జూలై 20న దాని అసలు నిధిని కనుగొన్నారు. ఆ వెతుకులాటలోనే 1975లో వారి పడవ బోల్తాపడి కొడుకు, కోడలు, మరొక డైవరు చనిపోయారు. నిధి కథలు వినేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

అటోచాను ముంచింది తుఫాను. డిజైన్ లోపంతోనే మునిగిన ఓడ కూడా ఉంది. అది స్వీడన్ వారి 'వాసా'. 64 ఫిరంగులతో 1628 ఆగస్టు 10న మొదటిసారి బయలుదేరి, సుమారు 1300 మీటర్లు వెళ్ళగానే చిన్న గాలికే ఒరిగిపోయింది. తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీరు లోపలికి వచ్చి మునిగింది. కారణం పైభాగంలో బరువు ఎక్కువ కావడమే.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. బకెట్ నీటిలో ఖాళీ స్టీలు గ్లాసు నిలబెట్టండి, ఒరిగిపోతుంది. అడుగున కొన్ని గులకరాళ్ళు వేయండి, నిలబడుతుంది. ఇప్పుడు గ్లాసు మీద మూతపెట్టి, మూత మీద రాయి పెట్టండి, తలకిందులవుతుంది. మీ ఫిజిక్స్ పుస్తకంలోని గురుత్వ కేంద్రం ఇదే. గాలియన్ అడుగున కూడా రాళ్ళు నింపేవారు.

ఇక నిధి ఎవరిది? 1708లో బ్రిటిష్ వారితో పోరులో మునిగిన 'శాన్ హోసే' 2015లో కొలంబియా తీరాన దొరికింది. కొలంబియా నాదంటుంది, స్పెయిన్ నాదంటుంది, ఒక అమెరికన్ కంపెనీ వాటా అడుగుతుంది. ఆ వెండి తవ్విన తాతల మనుమలం మేమని బొలీవియా ఆదివాసులు కూడా అంటున్నారు. గనుల పక్కన బతికే మన ప్రాంతం వారికి ఈ చివరి మాట సులభంగానే అర్థమవుతుంది.

ఈ ప్రశ్నకు మన తెలుగు రాజు ఒకరు ఏనాడో జవాబు చెప్పారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించారు. తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని అందులో ప్రకటించారు. సుంకం ముప్పయ్యవ వంతు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారి సొమ్ము వారికే దక్కాలన్నది ఆయన భావం.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఓడ డిజైన్ చేసేవారు సముద్రం మీద ఉద్యోగం చేయాలని లేదు. వారి పని ఎక్కువగా లెక్కలతో, కంప్యూటరుతో. దీనిని నావల్ ఆర్కిటెక్చర్ అంటారు. ప్లస్ టూలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదవాలి. ఖరగ్‌పూర్, మద్రాస్ ఐఐటీలలో, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఈ చదువు ఉంది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష' 1948లో నీటిలోకి దిగింది కూడా విశాఖలోనే. కోరాపుట్ నుంచి అరకు మీదుగా రైలెక్కితే చేరే ఊరే కదా!

ఆ తండ్రిగారు ఇంకా "చూద్దాం" అనే అంటున్నారు. అమ్మాయి మాత్రం లెక్కలు చేస్తూనే ఉంది. మన రాయగడ పక్కన పారే నాగావళి ఈ కొండల్లోనే పుట్టి, చివరకు శ్రీకాకుళం దగ్గర సముద్రంలోనే కలుస్తుందని ఆయనకు మరొకసారి గుర్తుచేస్తున్నాను.

శుభాశీస్సులతో.