మీకు తెలుసా? మిగ్ విమానం దిగి ఓటర్ల ముందుకొచ్చిన కెప్టెన్

చీరాల వాళ్ళకు యుద్ధ విమానాల మోత కొత్త కాదు. సూర్యలంక వైమానిక స్థావరం మన బాపట్ల జిల్లాలోదే. అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద కూడా 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి, మళ్ళీ లేచాయి. యుద్ధ విమానాలు నడిపిన ఒక తెలుగు పైలట్ ఆరుసార్లు ఎమ్మెల్యేగా, ఒకసారి ఎంపీగా గెలిచారని మీకు తెలుసా?

ఆయనే కెప్టెన్ నలమాద ఉత్తమ్‌కుమార్ రెడ్డి. 1962లో పుట్టారు. వైమానిక దళంలో మిగ్-21, మిగ్-23 నడిపారు. తర్వాత రాష్ట్రపతి భవన్‌లో అధికారిగా పనిచేశారు. ఆ కొలువు వదిలి 1994లో కాంగ్రెస్ తరఫున కోదాడలో నిలబడితే జనం ఓడించారు. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలోని మొత్తం 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 26 మాత్రమే. 1999లోనూ రాష్ట్రంలో గెలిచింది తెలుగుదేశమే, అయినా కోదాడ మాత్రం ఈసారి ఆయన వైపు మొగ్గింది. ఆయన రాజకీయ జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ గెలుపే. యూనిఫాం మీద గౌరవమే ఓట్లు తెచ్చేదైతే 1994లోనే తెచ్చేది. గాలివాటమే గెలిపించేదైతే 1999లోనూ ఓడేవారు. ఆ సీటు ఆయన సొంతంగా సంపాదించుకున్నది.

2004లో మళ్ళీ కోదాడే. పునర్విభజనలో హుజూర్‌నగర్ నియోజకవర్గం ఏర్పడ్డాక 2009, 2014, 2018లో అక్కడి నుంచి గెలిచారు. 2012లో గృహనిర్మాణ మంత్రి అయ్యారు. 2015 నుంచి 2021 దాకా తెలంగాణ కాంగ్రెస్ అధ్యక్షుడు. ఆ కాలం కష్టమైనది: 2018లో పార్టీకి 119లో 19 సీట్లే వచ్చాయి. 2019లో నల్గొండ ఎంపీగా గెలిచి అసెంబ్లీ సీటు వదిలితే, ఉప ఎన్నికలో ఆయన భార్య పద్మావతి ఓడిపోయారు. 2023లో మాత్రం ఆయన హుజూర్‌నగర్‌లో, ఆమె పక్కనే ఉన్న కోదాడలో గెలిచి ఒకే సభలో కూర్చున్నారు. 2023 డిసెంబర్ 7న మంత్రిగా ప్రమాణం చేసిన ఉత్తమ్‌కు నీటిపారుదల, పౌర సరఫరాల శాఖలు దక్కాయి.

ఉత్తమ్ కొలువు వదిలాకే పోటీ చేశారని చెప్పుకున్నాం కదా. సర్వీసులో ఉన్న సైనికుడు ఎన్నికల్లో నిలబడటం కాదు కదా, పార్టీ సభకు కూడా వెళ్ళకూడదు. సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితులు పెట్టే అధికారాన్ని రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకిచ్చింది. రాజకీయాల్లోకి రావాలంటే ముందు యూనిఫాం విప్పాల్సిందే. తుపాకీ చేతిలో ఉన్నవాడు ఏ జెండా కిందా నిలబడకూడదన్న ఈ కట్టుబాటే మన ప్రజాస్వామ్యాన్ని కాపాడిన పెద్ద గోడ అని నా నమ్మకం. మన చుట్టూ ఉన్న కొన్ని దేశాల్లో ఆ గోడ కూలిపోయి జనం ఏళ్ళ తరబడి ఓటుకే దూరమయ్యారు.

ఓటు హక్కు మాత్రం సైనికుడికి ఉంది. పోస్టల్ బ్యాలెట్‌తో పాటు, 2003 నుంచి సొంతూళ్ళో ఒకరిని తన ప్రతినిధిగా నియమించి ఓటు వేయించుకునే వీలూ ఉంది. అలా వేసేవారికి సిరా చుక్క ఎడమ చేతి మధ్యవేలికి పెడతారు. చూపుడు వేలు వారి సొంత ఓటు కోసం.

ఇక ఉత్తమ్ నియోజకవర్గానికీ మన పొలాలకూ ఉన్న బంధం గురించి. 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం కట్టింది కృష్ణా డెల్టా స్థిరీకరణకే. కొమ్మమూరు కాలువ కింద కారంచేడు, చీరాల వైపు పారే నీటికి అది భరోసా. 2013లో దాన్ని ప్రారంభించిన కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో ఉత్తమ్ కూడా ఉన్నారు. ఆ జలాశయంలో మునిగిన ఊళ్ళలో వెల్లటూరు, అడ్లూరు, చింత్రియాల, నెమలిపురి ఆయన హుజూర్‌నగర్ నియోజకవర్గంలోవే.