ఎండను వాకిటనే ఆపాలి

2015 మే నెలలో వీచిన వడగాలులకు ఉభయ తెలుగు రాష్ట్రాలలో రెండువేల మందికి పైగా మరణించారు. వడదెబ్బ ఆరుబయటనే తగులుతుందనుకోవడం పొరపాటు. రాత్రివేళ కూడా చల్లబడని గదిలో మంచం పట్టిన వృద్ధులకు అదే ముప్పు పొంచి ఉంటుంది. కనుక పాత కిటికీలు, తలుపులు మార్చదలచిన గృహస్థు అందంతోపాటు వేడిమిని గురించి కూడా యోచించాలి.

ముందుగా ఎండ ఏ దిక్కు నుండి వస్తున్నదో గమనించాలి. మే నెల మధ్యాహ్నం మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందువల్ల దక్షిణపు కిటికీకి సజ్జా నీడ చాలు. పడమటి కిటికీ సంగతి వేరు. సాయంకాలపు ఏటవాలు కిరణాలు సజ్జా కిందుగా దూరి నేరుగా గదిలో పడతాయి. సాధారణమైన పలుచని గాజు తనపై పడిన సూర్యతాపంలో ఐదింట నాలుగు వంతులకు పైగా లోనికి వదులుతుంది. ఆ తాపంతో వేడెక్కిన గోడలు, వస్తువులు వెలువరించే పరారుణ కిరణాలను మాత్రం అదే గాజు నేరుగా బయటికి పోనీయదు. అందుచేతనే లోపలి తెర కన్న వెలుపల వేలాడదీసిన వెదురు తడిక మేలు. తెర అడ్డుకునేసరికే ఎండ ఇల్లు చేరి ఉంటుంది! మన పెద్దలు వాకిళ్లకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవారు. పొడిగాలి వీచే చోట ఆ ఉపాయం నేటికీ పనిచేస్తుంది. ఉక్కపోత అధికమైన సముద్రతీరంలో అంతగా ఫలించదు.

తాపాన్ని నిరోధించే సన్నని లోహపు పూత గల గాజు, రెండు పొరల గాజు నేడు విపణిలో లభిస్తున్నాయి. ఏసీ గదికి అవి ఉపయుక్తమే. ఏసీ లేని ఇంటికి అంతకన్న ముఖ్యమైనది గాలి. పాత టేకు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరుచుకునేవి. వాటిని తీసివేసి పెట్టిస్తున్న జారుడు కిటికీలో ఒక రెక్క రెండవదాని వెనుకకు జరుగుతుంది కనుక సగమే తెరుచుకుంటుంది. ఖరీదు చెల్లించి గాలిని పోగొట్టుకోవడం విజ్ఞత అనిపించుకోదు. కేంద్రప్రభుత్వం 2018లో వెలువరించిన ఎకో నివాస్ సంహిత కూడా కిటికీ పరిమాణాన్ని కాక, తెరుచుకునే భాగాన్నే లెక్కిస్తుంది. ఉక్కపోత గల తీరప్రాంతంలో అది గదుల నేల వైశాల్యంలో ఆరవ వంతుకు తగ్గరాదన్నది దాని నియమం.

తలుపుల విషయంలో ఇంత చర్చ అనవసరం. పడమటి ముఖంగా ఇనుప రేకు తలుపు తగదు. కొయ్య తలుపు అంత త్వరగా వేడిని లోనికి చేరవేయదు. ఏసీ గదిలో తలుపు కింది సందును రబ్బరు పట్టీతో మూయించాలి. దానికయ్యే వ్యయం స్వల్పమే.